ప్రామాణికమైన చెవి

ఆ వైద్య కళాశాలలో చెవి గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు కాబట్టి అందరికీ తెలుసు. శరీరధర్మశాస్త్ర విభాగానికి ఆయన పెద్ద. ఐదు ఇంద్రియాలూ ఆయన పాఠాలే. కన్ను, ముక్కు, నాలుక, చర్మం అన్నీ కలిపి నాలుగు వారాల్లో చుట్టేసి, చెవి ఒక్కదాన్నే ఆరు వారాలు చెప్పేవాడు. అందుకని ఎదురుగా అంతా 'చెవుల మాస్టారు' అనేవాళ్ళు. వెనకాల పిల్లలు ఇంకో పేరు పెట్టుకున్నారు గానీ, అది ఆయన చెవిన పడలేదు.

తరగతిగదిలో బల్లమీద గుమ్మడికాయంత ప్లాస్టిక్ చెవి ఒకటి ఉండేది. ఆయన దాన్ని ఆప్యాయంగా ఒడిలోకి తీసుకుని, పొరలు పొరలుగా విప్పేవాడు. ఇదిగో కర్ణభేరి. దాని వెనక సుత్తి, దాగలి, రికాబు, బియ్యపుగింజల్లాంటి మూడు ఎముకలు. వాటి వెనక నత్తగుల్ల. ఆ గుల్లలో సన్నటి వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు, చెవికి పదిహేను వేలు. పుట్టుకతో వచ్చినవే, పోతే మళ్ళీ మొలవవు. సుత్తి ఎక్కడుంటుందో చెప్పడానికి సారు ఇంత సుత్తి కొట్టాలా అని వెనకబెంచీ వాళ్ళు గొణుక్కునేవాళ్ళు. అదీ ఆయన చెవిన పడలేదు.

ఏటా పాఠం చివర ఒక మాట చెప్పి అందరినీ నవ్వించేవాడు. "వయసు మీదపడ్డాక ముందు పోయేవి హల్లులు. క, చ, త, ప, స. అవి గాలితో పుట్టిన సన్నటి శబ్దాలు. అచ్చులు మాత్రం మొండివి, చివరిదాకా వినపడతాయి. అందుకే చెవి తగ్గినవాడు తన చెవి తగ్గిందని చచ్చినా ఒప్పుకోడు. లోకమంతా నసుగుతోందంటాడు!"

ఆయనకు యాభై ఏడో ఏడు నడుస్తోంది. ఓ ఆరేడేళ్ళుగా, ఆయన గమనించిన ప్రకారం, లోకమంతా నసుగుతోంది.

ముఖ్యంగా ఆయన భార్య. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడమీది అక్షరాలు చదివించడం, అద్దాలు మార్చడం. మనిషి గలగలా మాట్లాడేది. అటువంటి మనిషి కూడా ఈమధ్య మాటలు మింగేస్తోందని ఆయనకు బాధ. ఒకరోజు ఇంటికి ఇద్దరు అతిథులు వచ్చారు. వంటింట్లోంచి ఆవిడ "ఏమండీ, కప్పులు తెండి" అని కేకేసింది. ఆయన లేచి వెళ్ళి, రెండు జతల చెప్పులు తెచ్చి, భోజనాల బల్లమీద పద్ధతిగా పెట్టాడు. అతిథులు చెప్పులవంక చూసి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ఇక బయల్దేరమంటున్నారనుకుని లేచి నిలబడ్డారు.

వాళ్ళను బతిమాలి కూర్చోబెట్టాక ఆయన భార్యను పక్కకు పిలిచాడు. "'క' అనేది గొంతు వెనకనుంచి రావాలి. నువ్వు పెదాలమీదే వదిలేస్తున్నావు."

"మా షాపుకొచ్చేవాళ్ళూ ఇంతే," అందావిడ. "ఈమధ్య పేపర్లో అక్షరాలు మరీ చిన్నగా అచ్చేస్తున్నారండీ అంటారు. అద్దాలు పెట్టగానే పేపరువాడు బాగుపడిపోతాడు."

ఆయన పగలబడి నవ్వాడు. "మనుషులెంత మూర్ఖులో చూశావా! తమలో లోపం తమకు తెలియదు."

ఆవిడ వెళ్ళి కప్పులు తానే తెచ్చుకుంది.

ఇంట్లో సాగని సంస్కరణను ఆయన కాలేజీలో సాగించాడు. సిబ్బంది సమావేశాల్లో ఎవరి మాటా స్పష్టంగా లేదని ప్రిన్సిపాలుకు లేఖ రాశాడు. చెవి విషయంలో చెవుల మాస్టారి మాటకు తిరుగేముంటుంది? అందరూ నోరు పూర్తిగా తెరిచి, గట్టిగా, మాటమాటకూ ఆగి మాట్లాడాలని సర్క్యులర్ వచ్చింది. ఉచ్చారణ నేర్పే ఒకాయన వచ్చి, పాతికేళ్ళ సర్వీసున్న డాక్టర్ల చేత వారం రోజులు 'క కా కి కీ' అనిపించాడు. ఆనాటి నుంచి నడవాల్లో మనుషులు పలకరించుకుంటుంటే తగవులాడుకుంటున్నట్టు ఉండేది. రోగుల బంధువులు భయపడి పక్కకు తప్పుకునేవాళ్ళు.

ఇలా ఉండగా వినికిడి ప్రాక్టికల్స్ రోజు వచ్చింది. ల్యాబులో ఒక యంత్రం ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే అది సన్నవీ బొంగురువీ రకరకాల శబ్దాలు వినిపిస్తుంది. ఎంత చిన్న శబ్దం దాకా వినపడిందో కాగితం మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కలన్నీ కలిపితే గీత వస్తుంది. మంచి చెవికి ఆ గీత పైన, సున్నా దగ్గర, తిన్నగా ఉంటుంది. చెవి తగ్గినకొద్దీ కిందికి దిగుతుంది.

మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి చేయెత్తింది. "సార్, ముందు మీరు కూర్చోండి సార్. నార్మల్ గీత ఎలా ఉంటుందో మీ చెవితోనే చూసి నేర్చుకుంటాం."

ఆయనకు ఆ కోరిక ఎంతో సముచితంగా తోచింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వినపడినప్పుడల్లా వేలు ఎత్తుతానన్నాడు. ఆ పిల్ల బొంగురు శబ్దాలు పెట్టింది, వేలు లేచింది. సన్నటి శబ్దాలకు వచ్చేసరికి వేలు లేవలేదు. ఆ పిల్ల శబ్దం పెంచింది. మళ్ళీ పెంచింది. పక్కవాళ్ళకు హెడ్‌ఫోన్లలోంచి కూత బయటికి వినపడేదాకా పెంచింది. అప్పుడు వేలు నిదానంగా లేచింది. కాగితం మీద గీత సగం దూరం బుద్ధిగా నడిచి, ఆ తర్వాత మేడమెట్లు జారిపడ్డ మనిషిలా కిందికి పోయింది.

ఆయన కాగితం తీసుకుని చూశాడు. ఆ గీతను ఆయన ఒక్క చూపులో గుర్తుపట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా బోర్డుమీద వేస్తున్న గీతే. దానికింద ఏం రాయాలో కూడా తెలుసు. అది తెలిసి కూడా నిమ్మకు నీరెత్తినట్టు, "మెషీన్ పాడైంది" అన్నాడు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. ఆసుపత్రి యంత్రాలు బాగుచేయడంలో తల పండినవాడు. యంత్రాన్ని విప్పి, మీటర్లు పెట్టి గంటసేపు చూసి, "బంగారంలా ఉంది సార్" అన్నాడు.

"ఎక్కడి బంగారం? సన్నటి శబ్దాలు అసలు రావడంలేదు."

"నాకు వినపడుతున్నాయి సార్."

"నువ్వు మెకానిక్‌వి. నేను ప్రొఫెసర్ని."

మెకానిక్ డాక్టర్లతో వాదించి గెలిచిన రోజు తన జీవితంలో ఒక్కటీ లేదని గుర్తుచేసుకున్నాడు. "సరే సార్. లోపల ఒక స్క్రూ ఉంటుంది. తిప్పితే పెరుగుతాయి. ఎంతవరకు తిప్పమంటారు?"

"నాకు సరిగ్గా సున్నా దగ్గర వినపడేవరకు. ఎక్కడో ఒకచోట ప్రమాణం ఉండాలి కదా. నాది ప్రామాణికమైన చెవి."

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మెకానిక్ స్క్రూ తిప్పాడు. ఆయన "ఇంకా" అన్నాడు. మెకానిక్ ఇంకా తిప్పాడు. చివరికి ఆయన మొహం వికసించింది. యంత్రం బాగైపోయింది.

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని సామెత. ఆ అమ్మ నయం, మద్దెలను తిట్టి ఊరుకుంది. ఈయన మద్దెలకు మరమ్మతు చేయించాడు.

ఆ యంత్రం మీద నూరుమంది పిల్లలకు పరీక్ష జరిగింది. తొంభై ఆరుమందికి, యంత్రంలో ఉన్న అతిచిన్న శబ్దం కూడా ఎంచక్కా వినపడింది. సున్నా కంటే పైకి, కాగితం అంచుకు అతుక్కుని ఉన్నాయి గీతలు. ఆయన ఆ కాగితాలు ముందేసుకుని రెండు రోజులు తిండి సరిగా తినలేదు. మూడో రోజు లేచి ప్రిన్సిపాలు గదిలోకి దూసుకెళ్ళాడు.

"ఈ తరం పిల్లలకి చెవులు అతిగా పనిచేస్తున్నాయండీ! ఎక్కడా ఎవరూ రాయని విషయం. పొద్దస్తమానం ఫోనులు చెవుల్లో పెట్టుకుని, కత్తికి సాన పట్టినట్టు చెవికి సాన పట్టేసుకున్నారు. దీనికి నేను 'అతిశ్రవణం' అని పేరు పెట్టాను."

ప్రిన్సిపాలుకు చెవి గురించి పెద్దగా తెలియదు గానీ పేపర్లో ఫొటో గురించి బాగా తెలుసు. నెల తిరిగేసరికి కింది అంతస్తులో సామాన్ల గది ఖాళీచేయించి 'అతిశ్రవణ పరిశోధన కేంద్రం' అని బోర్డు పెట్టించాడు. రిబ్బను కత్తిరించారు. చెవి ఆకారంలో కేకు కోశారు. ఆయన వద్దంటున్నా మెడలో దండ వేశారు. పేపర్లో వార్త వచ్చింది. తల్లిదండ్రులు కంగారుపడ్డారు. అతిశ్రవణం ఉన్నవాళ్ళకు చిన్న చప్పుడైనా ఏకాగ్రత చెదురుతుంది కాబట్టి, వాళ్ళకు పరీక్షల్లో వేరే గది, అరగంట అదనపు సమయం ఇవ్వాలని కాలేజీ తీర్మానించింది. అంతే, మొదటి పరీక్షలో కునికిపాట్లు పడి రోగం తప్పిపోయిన మిగతా నలుగురు పిల్లలు కూడా మళ్ళీ పరీక్ష చేయమని వచ్చి, ఈసారి శబ్దం రాకముందే వేలెత్తారు. నూటికి నూరుమందీ సర్టిఫికెట్లు తీసుకున్నారు.

తర్వాత ఒక పెద్ద సదస్సు జరిగింది. చెవి వైద్యులు, వినికిడి నిపుణులు నాలుగొందలమంది వచ్చారు. ఆయన వేదిక ఎక్కి, అతిశ్రవణం మీద తన పరిశోధన పత్రం ఇచ్చి, అరగంట ధారాళంగా మాట్లాడాడు. మాట్లాడటంలో ఆయనకు ఎప్పుడూ ఇబ్బంది లేదు. చిక్కల్లా ఆ తర్వాత ప్రశ్నలతోనే వచ్చింది.

మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. ఒకప్పుడు ఆయన శిష్యురాలే. ఇప్పుడు వినికిడి క్లినిక్ నడుపుతోంది.

"సార్, మీ మెషీన్ క్యాలిబ్రేషన్ ఎవరు చేశారు?"

ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "సెలబ్రేషన్ అంతా మా ప్రిన్సిపాల్ గారే చేశారమ్మా. నేను వద్దనే అన్నాను. కేకు కూడా తెప్పించారు."

హాల్లో ఒక మూల కిసుక్కుమన్నారు. ఆవిడ మైకు దగ్గరకు తీసుకుంది. "అది కాదు సార్. మెషీన్ని ఏ ప్రమాణం ప్రకారం సరిచూశారని?"

"ప్రయాణం రైల్లోనేనమ్మా. కిటికీ పక్కన సీటు దొరికింది, హాయిగా వచ్చాను."

ఈసారి హాలంతా ఘొల్లుమంది. ఆయన దాన్ని అభిమానం అనుకుని రెండు చేతులూ జోడించాడు. అధ్యక్షుడు గబగబా లేచి, సమయం మించిపోయిందని చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కూర్చుని, చిన్న కాగితం మీద ఏదో రాసుకుంది.

టీ విరామంలో ఆవిడ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి, జనం లేని వరండా చివరికి తీసుకెళ్ళింది.

"సార్, మీరు మాకు ఒక పరీక్ష చేసేవారు, గుర్తుందా? కళ్ళు మూసుకోమని మాటలు చెప్పేవారు. ఇవాళ నేను చెబుతాను, మీరు తిరిగి అనండి."

శిష్యురాలి ముచ్చట ఎందుకు కాదనాలని ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ గొంతు వినపడింది. ఆయన "ఆలు" అన్నాడు. మళ్ళీ వినపడింది. "ఆలు" అన్నాడు. మూడోసారీ, నాలుగోసారీ అదే.

"ఏంటమ్మా, నాలుగుసార్లూ ఆలు, ఆలు అంటావు? మా ఆవిడని తీసుకురాలేదనా?" అని నవ్వుతూ కళ్ళు తెరిచాడు.

ఆవిడ చేతిలో చిన్న కాగితం ఉంది. అనబోయేముందే రాసిపెట్టుకుంది. పాలు. చాలు. కాలు. తాలు.

ఆయన ఆ కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. మొదటి హల్లులు నాలుగూ ఎటో పోయి, అచ్చు ఒక్కటి మొండిగా మిగిలింది. ఈ మాట చెప్పే కదా ఏటా ఆయన నవ్వించేది. వరండా, హాలు, కప్పుల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా ఎక్కడికో దూరంగా జరిగినట్టు అనిపించింది. నిజానికి అవి దూరం జరిగి చాలా కాలమైంది.

"అందరూ నవ్వింది నన్ను చూసేనా అమ్మాయీ?" అన్నాడు చివరికి.

"అవును సార్," అంది ఆవిడ. ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా, నెమ్మదిగా అంది. "నా క్లినిక్‌కి రండి సార్. నేను చూస్తాను."

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే భార్య ఎదురుగా కూర్చున్నాడు. "నాకు చెవి తగ్గింది" అన్నాడు. ఏదో కొత్త వార్త మోసుకొచ్చినట్టు.

"ఏడేళ్ళయింది" అందావిడ.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. వినపడలేదు మీకు."

ఆయనకు కోపం రావలసింది, రాలేదు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, ఆయన చెవి దగ్గర జుట్టు వెనక్కి దువ్వి, "మా షాపులో మొదటిసారి అద్దాలు పెట్టుకున్నవాళ్ళు అందరూ ఏడుస్తారు. ఏం ఫర్వాలేదు" అంది. ఆ మాటలు ఆయనకు ఒక్కటీ పొల్లుపోకుండా అందాయి.

వినికిడి యంత్రాలు రెండు చెవులకూ పెట్టించుకున్నాడు. మొదటి వారం ఆయనకు పిచ్చెక్కినంత పనైంది. పేపరు తిరగేస్తే ఇల్లు కూలుతున్నట్టు, చొక్కా గుడ్డ ఒరుసుకుంటే ఎవరో తరుముతున్నట్టు. కాలేజీలో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన సర్క్యులర్ పుణ్యమా అని జనం ఇంకా నోరు పూర్తిగా తెరిచి అరుచుకుంటూనే ఉన్నారు. నడవాలో అడుగుపెట్టగానే రెండు చెవులూ మూసుకుని గదిలోకి పరిగెత్తాడు. తరగతిలో వెనకబెంచీ నుంచి "ఒరే, నత్తగుల్ల వచ్చేశాడ్రా" అన్న మాట స్పష్టంగా, హల్లులన్నిటితో సహా వినపడింది. అప్పుడుగానీ ఆయనకు తన పేరు తెలియలేదు.

మెకానిక్‌ను మళ్ళీ పిలిపించాడు. "ఆ స్క్రూ మొదట ఎక్కడుండేదో అక్కడికి తిప్పు. నీ చెవి ప్రకారం కాదు, నా చెవి ప్రకారం కాదు. నీ మీటరు ఏం చెబితే అది."

మెకానిక్ ఆయనవంక వింతగా చూశాడు. "ఇలా అడిగిన డాక్టరు మీరొక్కరే సార్" అని, సంతోషంగా తిప్పాడు.

నూరుమందికీ మళ్ళీ పరీక్ష చేశాడు. గీతలన్నీ సున్నా దగ్గరకు వచ్చి కూర్చున్నాయి. పిల్లలవి మామూలు చెవులు. ఆ కాగితాల కట్ట పట్టుకుని ప్రిన్సిపాలు దగ్గరకు వెళ్ళాడు.

"అతిశ్రవణం అనేది లేదండీ. తప్పు నాది. నా పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. కేంద్రం మూసేయండి."

ప్రిన్సిపాలు వయసు నలభై ఎనిమిది. చెవుల్లో ఏ దోషమూ లేదు. "ఏమన్నారు?" అన్నాడు.

"కేంద్రం మూసేయమంటున్నాను."

"సరిగ్గా వినపడటంలేదు మాస్టారూ. ఈ ఫ్యాను చప్పుడొకటి."

ఆయన ఫ్యాను ఆపి, మూడోసారి చెప్పాడు. అప్పటికీ ప్రిన్సిపాలుకు వినపడలేదు. వార్షిక నివేదికలో మొదటి పేజీ ఆ కేంద్రం మీదే ఉంది మరి. ఇటువంటి చెవుడు గురించి ఆరు వారాల పాఠంలో ఎక్కడా లేదని ఆయనకు మొదటిసారి తట్టింది. సుత్తీ దాగలీ రికాబూ అన్నీ సలక్షణంగా ఉండి కూడా వచ్చే చెవుడు.

ఇక తానే సదస్సువాళ్ళకు ఉత్తరం రాశాడు. వాళ్ళు తమ పత్రికలో వేశారు, చివరి పేజీలో అడుగున, ఆయన భార్య కూడా అద్దాలు మార్చుకుని చదవవలసినంత చిన్న అక్షరాల్లో. ఈ సంగతి తెలిసి పిల్లలు సంతోషిస్తారనుకున్నాడు. వాళ్ళు కేంద్రం ముందు బైఠాయించారు. "అతిశ్రవణం మా హక్కు" అని అట్టముక్కల మీద రాసుకొచ్చారు. అరగంట అదనపు సమయం పోతుందంటే ఏ చెవి ఊరుకుంటుంది? ఆయన బయటికొచ్చి, "బాబూ, మీకు ఏ రోగమూ లేదు" అని నచ్చజెప్పబోయాడు. "మాకు రోగం లేదనడానికి మీరెవరు సార్?" అని మొదటి బెంచీ అమ్మాయే నిలదీసింది.

చివరికి ప్రిన్సిపాలే మధ్యేమార్గం కనిపెట్టాడు. అదనపు సమయం రోగం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ అందరికీ ఇచ్చాడు. కేంద్రం మూయకుండా, బోర్డుమీద 'అతిశ్రవణ' అన్న మాట తీయించి 'సమశ్రవణ' అని రాయించాడు. పిల్లల చెవులన్నీ మామూలుగా ఉన్నాయని కనిపెట్టిన మొట్టమొదటి కేంద్రం మాదేనని పేపర్లకు చెప్పాడు.

దాని ప్రారంభోత్సవానికి చెవుల మాస్టారినే ముఖ్య అతిథిగా పిలిచారు. రానని అన్నాడు. విభాగానికి పెద్ద, రాకపోతే బాగుండదన్నారు. వెళ్ళి వేదికమీద మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ప్రిన్సిపాలు లేచి, గొంతు సవరించుకుని, నోరు పూర్తిగా తెరిచి మొదలుపెట్టాడు. ఆయన జుట్టు సర్దుకుంటున్నట్టు చేయి పైకెత్తి, కుడి చెవి వెనక మీట ఒకటి, ఎడమ చెవి వెనక మీట ఒకటి నొక్కాడు. హాలు చల్లగా సద్దుమణిగింది. ముప్పావుగంట సేపు ప్రసన్నంగా, అక్కడక్కడా తల ఊపుతూ, కిటికీలోంచి కనిపిస్తున్న మేఘాలు చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు ప్రిన్సిపాలు ఎలా ఉందని అడిగితే, పెదాలు చూసి మాట పట్టుకుని, "ఇంత స్పష్టమైన ఉపన్యాసం నేను ఈమధ్య వినలేదండీ" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.